సేవ సరే, రెండో గంట మాటేమిటి?

హాస్పిస్‌కు పార్ట్ టైమ్ డాక్టరు కావాలని అడగటానికి వచ్చేవారు జీతం సంగతి చివర్లో ఎత్తుతారు. కాఫీ తాగి గుమ్మం దాకా వెళ్ళాక, "ఏదో సేవ కదండీ, మీకు తెలియనిదేముంది" అంటారు. డాక్టరుగారు మొహమాటపడి "పరవాలేదండీ" అంటారు. ఆ మాట ఏడాది తిరగకముందే ఇద్దరికీ బరువవుతుంది. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నాకు అప్పగించిన పని వారానికి మూడు రోజులు, రోజుకు రెండు గంటలు వార్డు చూడటం. ఇచ్చింది గౌరవ వేతనం. విజయవాడలో ఆటో ఖర్చులు పోగా మిగిలేది స్వల్పం. వార్డు ఎప్పుడూ కష్టమనిపించలేదు. అసలు పని ఇంటికి వచ్చాక మొదలయ్యేది. రాత్రి ఒంటిగంటకు దివిసీమ నుంచి ఫోను: "డాక్టరుగారూ, నాన్నకు నొప్పి ఆగటం లేదు, ఇంకో మాత్ర వేయమంటారా?" దీనికి నిద్రమత్తులో జవాబు చెప్పకూడదు. ఎన్ని మాత్రలు, ఎప్పుడెప్పుడు వేశారు, విరేచనం అయిందా, పిలిస్తే పలుకుతున్నారా అని అడిగి తెలుసుకోవాలి. తెల్లవారాక కొడుకుతో ఒకసారి, దూరాన ఉన్న కూతురితో ఒకసారి అదే విషయం మాట్లాడాలి. ఒక నెల డైరీలో రాసి చూసుకుంటే, వార్డులో గడిపిన ప్రతి గంటకు బయట ఇంచుమించు మరో గంట పట్టింది. ఆ రెండో గంట ఎవరి లెక్కలోనూ లేదు.

దీనికి తోడు మార్ఫిన్ బాధ్యత ఉంది. క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మాత్ర ఖరీదైనది కాదు. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఎన్నో రకాల అనుమతులు కావలసి వచ్చి, చాలా ఆసుపత్రులు దాని జోలికే పోలేదు. 2014 సవరణ తర్వాత దేశమంతటా ఒకే పద్ధతి వచ్చింది. గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పొందిన డాక్టరు ఉండాలి, నిల్వకూ వాడకానికీ రిజిస్టరు ఉండాలి. అంటే రెండు గంటలకు వచ్చి వెళ్ళే మనిషి సంతకం మీద మొత్తం వార్డు నొప్పి మందు ఆధారపడి ఉంటుంది. విసిగిపోయి ఆ డాక్టరు మానేస్తే, నాలుగు గంటలకోసారి మాత్ర వేసుకునే రోగికి ఏమని చెబుతాము? హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్ళమనా? మంచం దిగలేని మనిషికా?

"కేరళలో అంతా వాలంటీర్లే నడుపుతున్నారు కదా" అని కమిటీల్లో తరచుగా అంటారు. సగమే నిజం. 1993లో కోళికోడ్‌లో మొదలైన ఉద్యమం ఊరివారి శ్రమతో, చిన్న చిన్న చందాలతో పెరిగిన మాట వాస్తవం. అయితే ఆ చందాల్లోంచే డాక్టర్లకూ నర్సులకూ జీతాలు ఇచ్చారు. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఉపశమన చికిత్సకు ఒక విధానమే ప్రకటించింది.

మన వైపు కూడా పాత ఉదాహరణ ఉంది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను మొదట వైద్యానికి పంపలేదు, స్త్రీల మధ్య జెనానా పనికి పంపారు. రోగులు ఆ సంగతి పట్టించుకోలేదు, తలుపు తట్టారు. ఆమెను మెడికల్ మిషనరీగా నియమించటానికి 1885 దాకా పట్టింది. చేసే పని ఒకటి, కాగితం మీద పని ఇంకొకటి అన్నమాట.

లూకా 10వ అధ్యాయంలో ప్రభువు డెబ్బదిమందిని పంపుతూ పనివాని జీతం సంగతి కూడా చెప్పారు. మన కమిటీలు ఆ భాగాన్ని ఆరాధనలో చదివి బడ్జెట్టులో మరచిపోతుంటాయి.

ఇక డాక్టర్లతో ఒక మాట. ఉచితంగా చేస్తాననటం గొప్పగానే ఉంటుంది. కానీ మీరు వేసిన సున్నా మీ తర్వాత వచ్చేవారి జీతమవుతుంది. ఇద్దరు పిల్లల చదువులు, ఇంటి అద్దె చూసుకోవలసిన యువ వైద్యురాలు అడిగితే, "ఇదివరకటి ఆయన ఏమీ తీసుకోలేదమ్మా" అంటారు. ఇవ్వదలచుకుంటే జీతం పూర్తిగా తీసుకుని, అందులోంచి విరాళం రాసి రసీదు తీసుకోండి. అప్పుడు పని ఖరీదు పుస్తకంలో నిలుస్తుంది.

అడిగేటప్పుడు సర్జనుగారి ఫీజుతో పోల్చవద్దు. అదే ఆసుపత్రి తన డ్యూటీ డాక్టరుకు గంటకు ఎంత ఇస్తుందో అడగండి. శిక్షణ, బాధ్యత ఉన్నవారికి అంతకు తగ్గటంలో న్యాయం లేదు. రాత్రి ఫోన్లకు నెలకు ఇంత, ఇంటికి వెళ్ళి చూస్తే ఒక్కొక్క దానికి ఇంత, ప్రయాణం విడిగా అని రాయించుకోండి. మీరు సెలవులో ఉంటే ఫోను ఎవరు ఎత్తుతారో కూడా రాయాలి. చాలాచోట్ల తగాదా వచ్చేది దీని దగ్గరే. అదే ఫోను మీకంటే ముందు ఎత్తే సిస్టరుగారి రాత్రి భత్యం గురించి కూడా ఆ సమావేశంలోనే అడగండి. ఆమె తనకోసం తాను అడగలేకపోవచ్చు.

నిధులు లేవంటారు. చాలాసార్లు నిజమే, దాతలు మంచాలకు ఇచ్చినంత సులభంగా జీతాలకు ఇవ్వరు. అటువంటప్పుడు తగ్గించవలసింది గంటలను, గంట విలువను కాదు. మూడు రోజులకు డబ్బు లేకపోతే రెండు రోజులకే డాక్టరును పెట్టుకుని, మూడో రోజుకు దాతను వెతకటం మేనేజ్‌మెంటు పని. మూడు రోజులు చేయించుకుని రెండు రోజులకు ఇవ్వటాన్ని సేవ అనటం నాకు ఒప్పుదల కాదు.

ఒప్పందంలో చివరగా నోటీసు గడువు పెట్టండి, నెల చాలదు, కనీసం మూడు నెలలు. కొత్త డాక్టరు శిక్షణ పూర్తి చేసుకుని, మార్ఫిన్ రిజిస్టరు లెక్క చూసి సంతకం పెట్టేదాకా పాతవారు ఉండాలి, ఆ మూడు నెలలకూ పూర్తి జీతంతో.