బ్యాకప్ పేరుతో బిగిస్తే.. బాధ్యత ఎవరిది?

పొలాలపై ఎగిరే డ్రోన్ కూడా చట్టం దృష్టిలో విమానమే
ధ్రువీకరణ లేని అదనపు పరికరాలతో చిక్కులు

నిజామాబాద్: జక్రాన్‌పల్లిలో విమానం దిగాలన్నది జిల్లావాసుల ఏళ్ల నాటి ఆకాంక్ష. ఆ ఆకాంక్ష నెరవేరకముందే జిల్లా పొలాలపై మరో రకం విమానాలు ఎగరడం మొదలైంది. బోధన్, వర్ని, కోటగిరి, రుద్రూరు ప్రాంతాల్లో వరికి మందు పిచికారీ చేయడానికి రైతులు డ్రోన్లను అద్దెకు పిలుస్తున్నారు. కూలీల కొరత, భుజాన స్ప్రేయర్ మోస్తూ మందు పీల్చే ప్రమాదం రెండూ తప్పుతుండటంతో ఆదరణ పెరిగింది. అయితే యంత్రంతో పాటు ఒక చట్టపరమైన చిక్కు కూడా పొలం గట్టుకు చేరింది. ధ్రువీకరణ పొందిన డ్రోన్‌కు భద్రత కోసమే అయినా ధ్రువీకరణ లేని అదనపు పరికరాన్ని బిగించవచ్చా అన్నదే ఆ చిక్కు.

ప్రైవేటు విమానాల యజమానులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. కాక్‌పిట్‌లోని పాత పరికరం మొరాయిస్తే ఆదుకుంటుందని బజారులో చవకగా దొరికే బ్యాకప్ పరికరాన్ని అమర్చుకోవాలని చూడటం, నిబంధనలు అడ్డుపడటం ప్రపంచమంతటా ఉన్నదే. ఇప్పుడు అదే సమస్య చెరకు సీమలోని యువ పైలట్లకూ ఎదురవుతోంది.

పక్షి కాదు.. విమానమే

గాలి ప్రతిచర్యతో వాతావరణంలో నిలవగలిగే యంత్రం ఏదైనా విమానమేనని 1934 నాటి విమాన చట్టం నిర్వచించింది. బెలూన్లను, గాలిపటాలను సైతం అందులో చేర్చింది. ఆ చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్-2024 అమల్లోకి వచ్చింది. పాత చట్టం కింద 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నిబంధనలు కొత్త చట్టం కిందా కొనసాగుతున్నాయి. మందు కొట్టే డ్రోన్‌ను స్ప్రేయర్‌లాంటి మరో వ్యవసాయ పనిముట్టుగా భావించే వారు ఈ సంగతి గమనించవలసి ఉంది.

మనుషులు ప్రయాణించే విమానాల విషయంలో 1937 నాటి విమాన నియమావళి స్పష్టంగా ఉంది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) ఆమోదం లేకుండా విమాన భద్రతను ప్రభావితం చేసే మార్పు చేయరాదు. పైలట్ జేబులో పెట్టుకుని వెళ్లే జీపీఎస్ గానీ, ఒడిలో ఉంచుకునే ట్యాబ్లెట్ గానీ చేతి సామగ్రి కిందికే వస్తుంది. దానినే మరలతో ప్యానెల్‌కు బిగించి విమాన విద్యుత్ తీగకు కలిపితే అది విమానంలో భాగమవుతుంది. బ్యాకప్ అన్న పేరు పెట్టినంత మాత్రాన మినహాయింపు రాదు.

ఈ కట్టుబాటుకు కారణాలున్నాయి. ప్రాణం కాపాడాలని పెట్టిన పరికరమే తీగ వేడెక్కి పొగ పుట్టించవచ్చు. దాని అయస్కాంత ప్రభావంతో పక్కనున్న దిక్సూచి తప్పుదారి చూపవచ్చు. రెండు పరికరాలు రెండు రకాలుగా చూపితే దేనిని నమ్మాలో తెలియక మబ్బుల్లో పైలట్ తికమక పడవచ్చు.

‘అనుగుణంగా’ అన్న మాటే కీలకం

డ్రోన్ నిబంధనల్లో అసలు చిక్కు ఒక్క మాటలో ఉంది. టైప్ సర్టిఫికెట్‌కు అనుగుణంగా లేని డ్రోన్‌ను ఎవరూ నడపరాదని అవి చెబుతున్నాయి. 250 గ్రాముల లోపు నానో డ్రోన్ల వంటి కొన్నింటికే మినహాయింపు ఉంది. అంటే కొన్ననాడు సర్టిఫికెట్ ఉంటే చాలదు. ఎగిరే ప్రతిసారీ యంత్రం ఆ సర్టిఫికెట్‌లోని నమూనాకు సరిపోవాలి. తయారీ సంస్థ పరీక్షకు పంపిన నమూనాలో లేని పరికరం ఒకటి వచ్చి చేరితే ఆ సరిపోలికపై సందేహం మొదలవుతుంది.

పిచికారీ డ్రోన్లకు ఇక్కడ మరో ప్రమాదం పొంచి ఉంది. మోసే బరువుతో కలిపి 2 కిలోల పైన 25 కిలోల వరకు ఉన్నవి చిన్న డ్రోన్లు. 25 దాటి 150 కిలోల వరకు మధ్యతరహా డ్రోన్లు. 10 లీటర్ల ట్యాంకుతో వచ్చే వ్యవసాయ డ్రోన్లలో చాలావాటిని నిండు బరువు 25 కిలోల లోపే ఉండేలా రూపొందించారు. పరిమితికి ఆనుకుని ఉన్న యంత్రానికి అదనపు బ్యాటరీ, రెండో జీపీఎస్, రాత్రి దీపం, దొంగల భయంతో ట్రాకర్ ఒక్కొక్కటిగా తగిలిస్తే కాటా ముల్లు గీత దాటుతుంది. అప్పుడది కాగితం మీద చిన్న డ్రోన్, పొలంలో మధ్యతరహా డ్రోన్. పైలట్ చేతిలోని ధ్రువపత్రం ఏ తరగతికి ఇచ్చారన్న ప్రశ్న కూడా వెంటనే తలెత్తుతుంది.

ఏది తప్పు? ఏది ఒప్పు?

నిబంధనలను సాధారణ పరిస్థితులకు అన్వయిస్తే నాలుగు తరగతులు తేలతాయి.

మొదటిది, తయారీ సంస్థ అదే నమూనాకు ఇచ్చే విడిభాగాలు. నమో డ్రోన్ దీదీ పథకమే ఇందుకు ఉదాహరణ. రూ.1,261 కోట్లతో దేశవ్యాప్తంగా 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు అందించేందుకు 2023లో కేంద్రం ఆమోదించిన ఈ పథకంలో ధరపై 80 శాతం, గరిష్ఠంగా రూ.8 లక్షల రాయితీ ఉంది. అదనంగా 4 బ్యాటరీ సెట్లు, రెక్కల సెట్టు, నాజిల్ సెట్టు కూడా ప్యాకేజీలోనే వస్తాయి. ఇవి నమూనాకు చెందినవే కనుక మార్చుకోవడంలో ఇబ్బంది లేదు.

రెండోది, నేల మీదనే ఉండే పరికరాలు. గాలి వేగం కొలిచేది, బ్యాటరీ వోల్టేజీ చూసేది ఎన్ని దగ్గర పెట్టుకున్నా డ్రోన్ స్వరూపం మారదు. నిజమైన జాగ్రత్తలో సగం ఇక్కడే సమకూరుతుంది.

మూడోది, డ్రోన్‌ను నడిపే ఫ్లైట్ కంట్రోల్ మాడ్యూల్, నేలపై పైలట్ వాడే నియంత్రణ కేంద్రం. డ్రోన్‌కు కేటాయించే విశిష్ట గుర్తింపు సంఖ్య ఈ రెండింటి సీరియల్ నంబర్లతో ముడిపడి ఉంటుంది. వీటిని మారిస్తే కొత్త నంబర్లను ఆన్‌లైన్‌లో నమోదు చేయించడం తప్పనిసరి. మెకానిక్ పాత బోర్డు తీసి కొత్తది పెట్టి పంపిస్తే మరమ్మతు ముగిసినట్లు కాదన్నమాట.

నాలుగోది, బయట కొని డ్రోన్‌కు తగిలించేవి. వేరే రకం బ్యాటరీ, పెద్ద ట్యాంకు, రెండో జీపీఎస్, సంకేతాలు పంపే కెమెరా ఈ కోవలోకి వస్తాయి. తయారీ సంస్థ ద్వారా ఆమోదం వచ్చే వరకు వీటితో ఎగరడం నిబంధనలకు ఎదురు నిలవడమే.

ప్రమాదం జరిగితే..

డ్రోన్ నిబంధనల ఉల్లంఘనకు గరిష్ఠంగా రూ.లక్ష వరకు జరిమానా ఉంది. అంతకు మించిన భారం బీమాతో వస్తుంది. నానో డ్రోన్లు మినహా మిగతావాటికి మూడో పక్షం బీమా విషయంలో మోటారు వాహనాల చట్టంలోని నియమాలే వర్తిస్తాయి. అదుపు తప్పిన డ్రోన్ నాట్లు వేసే కూలీపై పడిందనుకుందాం. యంత్రం సర్టిఫికెట్‌లోని నమూనాకు భిన్నంగా ఉందని తేలితే బీమా సంస్థ పేచీ పెట్టేందుకు అవకాశం ఏర్పడుతుంది. రెండు వేల రూపాయల పరికరం లక్షల రూపాయల పరిహారాన్ని యజమాని నెత్తిన వేయవచ్చు. రుణం తీసుకుని డ్రోన్ కొన్న యువకుడికి, మహిళా సంఘానికి అది కోలుకోలేని దెబ్బ. గాయపడిన కూలీకి పరిహారం ఆలస్యమైతే ఆ కుటుంబం పరిస్థితి ఇంకా దయనీయం.

అక్కడ దారి చూపారు

నిబంధన కఠినంగా ఉన్నంత మాత్రాన భద్రత పెరగదన్న వాదననూ తోసిపుచ్చలేము. ధ్రువీకరించిన పరికరం ధర అందుబాటులో లేకపోతే యజమాని అరిగిపోయిన పాతదానితోనే నెట్టుకొస్తాడు. అమెరికాలో చిన్న విమానాల విషయంలో జరిగింది ఇదే. అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 2016లో ఒక మధ్యేమార్గం తెచ్చింది. తప్పనిసరి కాకపోయినా భద్రతను పెంచే పరికరాలకు సరళమైన ఆమోద విధానాన్ని ప్రకటించింది. అదే ఏడాది, సొంతంగా తయారు చేసుకునే విమానాల్లో అప్పటికే వాడుతున్న డైనాన్ డీ10ఏ అనే తెర పరికరాన్ని కొన్ని సెస్నా, పైపర్ విమానాల్లో అమర్చేందుకు అనుమతి లభించింది. ఆ అనుమతిని సాధించింది యజమానులు, పైలట్లు సభ్యులుగా ఉన్న సంఘమే. పరికరం పాతదే. దానిని ఎక్కడ, ఎలా బిగించాలో పరిశీలించి బాధ్యత తీసుకునే వ్యవస్థ తోడవడంతో అది చట్టబద్ధమైంది.

జిల్లాకు కావలసింది

బోధన్ రైతుకు కాగితం విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు. షక్కర్‌నగర్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు వదిలి వరికి మళ్లిన కుటుంబాలు ఎన్నో. మిగిలిన చెరకు తోటల్లోనూ పైరు మనిషి ఎత్తు దాటాక లోపలికి దిగి మందు కొట్టడం కష్టసాధ్యం. అక్కడ డ్రోన్ అవసరం వరి కన్నా ఎక్కువే. ఆ అవసరం చట్టం అంచున నిలబడకూడదు.

తయారీ సంస్థలు తమ నమూనాకు ఆమోదించిన విడిభాగాలు, అనుబంధ పరికరాల జాబితాను తెలుగులో ముద్రించి డ్రోన్‌తో పాటే ఇవ్వాలి. రాయితీ ఇచ్చే వేళ వ్యవసాయ శాఖ ఈ షరతు పెట్టగలదు. డీజీసీఏ ప్రాంతీయ కార్యాలయం ఉన్న హైదరాబాద్‌కు ప్రతి సందేహానికీ పరుగెత్తడం రైతుకు సాధ్యం కాదు. జిల్లా కేంద్రంలోనే పైలట్లకు, మెకానిక్‌లకు ఏటా ఒకసారి అవగాహన కల్పించాలి. పిచికారీకి ముందు నిండు ట్యాంకుతో డ్రోన్‌ను కాటా మీద పెట్టి చూసే అలవాటు రావాలి.

అప్పటి వరకు యజమాని తనను తాను వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ పరికరం తయారీ సంస్థ జాబితాలో ఉన్నదా, లేదా? లేకుంటే అది సంచిలో ఉండాలి, డ్రోన్‌పై కాదు.