పాత ఇంగ్లీషు నాణెములు - వెలకు ముందు వ్రాత

ఆంగ్లేయుల పాత నాణెములను సేకరించు వేడుక మన పట్టణములలో నొక చిన్న సమూహమునకు గలదు. పింఛను పుచ్చుకొనుచున్న ఉపాధ్యాయులు, బ్యాంకు గుమాస్తాలు, కళాశాల విద్యార్థులు, సీమలోనున్న కుమారునొద్దకు పోయివచ్చిన పెద్దలు - వీరు పెన్నీలను, షిల్లింగులను, అర్ధ క్రౌనులను డబ్బాలలో దాచుకొని, ఆదివారపు సాయంకాలము ఒండొరుల యిండ్లకు పోయి, వానిని బల్లపై పఱచి ప్రొద్దుగ్రుంకువఱకు ముచ్చటించుకొందురు. వీరిని గూర్చి రెండు మాటలు వినవచ్చుచున్నవి. మనలనేలిన రాజుల తలలను పట్టుగుడ్డలో చుట్టి దాచుట స్వతంత్ర జాతికి సిగ్గుచేటని కొందఱందురు. అవి లక్షలు పలుకునట, మనకును రెండు చిక్కిన బాగుండునని మఱికొందఱు లొట్టలు వేయుదురు. మొదటివారిది అభిమానము, రెండవవారిది ఆశ. ఇరువురును నాణెమును చదివి చూడలేదని మా యభిప్రాయము.

చదువుట యననేమి? 1948వ సంవత్సరపు ఇంగ్లీషు పెన్నీ నొకదానిని, 1949వ సంవత్సరపు పెన్నీ నొకదానిని ప్రక్కప్రక్కల నుంచుడు. రెంటిమీదను ఆఱవ జార్జి తలయే. తలచుట్టు నున్న లాటిను అక్షరములను భూతద్దముతో చూడుడు. మొదటిదానిపై 'ఇండ్ ఇంప్' అను పొట్టిమాటలు గలవు; భారత చక్రవర్తి యని వాని యర్థము. రెండవదానిపై అవి లేవు. 1948 జూనులో రాజు ప్రకటనముచే ఆ బిరుదమును విడిచెను. మఱుసటి యేటి నాణెముపై ఆ చోటు ఖాళీపడెను. ఖాళీని టంకశాలవారు ఎట్లు పూరించిరో చూచితిరా? అంతకుముందు 'ఎఫ్ డి' అని రెండక్షరములుగా నుండిన మతరక్షక బిరుదమును 'ఫిడే డెఫ్' అని సాగదీసిరి. భారతదేశము వెడలిపోయిన చోట మతరక్షణము కాళ్లు చాచుకొని కూర్చుండినది! ఆ మతరక్షక బిరుదము మాత్రము 1521లో రోము పోపుగారు ఎనిమిదవ హెన్రీకి దయచేసినది. తరువాత హెన్రీ పోపుతో తెగదెంపులు చేసికొనియు దానిని వదలుకొనలేదు. బిరుదములు విడుచుట ఆ సింహాసనమునకు ఎన్నడును సులభము కాలేదు.

ఆ 'ఇండ్ ఇంప్' ఎప్పుడు వచ్చి చేరినదో అదియు నాణెములే చెప్పును. 1876లో చట్టము చేసి, 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటిరి. అప్పటికి మదరాసు రాజధానిలో, అందును మన బళ్లారి, కర్నూలు, కడప సీమలలో, క్షామము జనులను మ్రింగుచుండెను. మన రూపాయిపై 'ఎంప్రెస్' అను మాట ఆ యేటనే ఎక్కినది. ఇంగ్లండు నాణెములపైననో, 1893 వఱకు ఎక్కలేదు. కంచు పెన్నీపైకి వచ్చుటకు మఱి రెండేండ్లు పట్టినది. తమ రాణి చక్రవర్తిని యనిపించుకొనుట ఆ దేశపు పార్లమెంటులోనే పలువురకు రుచింపలేదు. మనకు మొదటిదినముననే చూపిన కిరీటమును తమ యింటివారికి పదునాఱేండ్లు దాచియుంచిరన్నమాట. ఈ సంగతిని గ్రంథములలో వెదకవచ్చును, నిజమే. అయినను అరచేతిలో రెండు లోహపు బిళ్లల నుంచుకొని చదివినప్పుడు మనస్సున నాటుకొనినట్లు మఱియొకవిధముగా నాటుకొనదు.

ఇంకను వెనుకకు పొండు. 1663లో మొదలైన గినీ యను బంగారు నాణెమునకు ఆ పేరు ఆఫ్రికాలోని గినీ తీరమునుండి వచ్చినది. కొన్ని గినీలపై రాజు తలక్రింద చిన్న యేనుగు గుర్తు గలదు. ఆ బంగారమును తెచ్చిన రాయల్ ఆఫ్రికను కంపెనీ ముద్ర అది. ఆ కంపెనీయే మనుష్యులనుగూడ ఓడలలో నెక్కించి యమ్మినది. రెండవ జార్జి కాలపు గినీలలో కొన్నిటిపై ఏనుగు లేదు. 'ఈ ఐ సి' అను మూడక్షరములు గలవు. ఈస్టిండియా కంపెనీ తెచ్చిన బంగార మని యర్థము. స్పెయినువారినుండి కొల్లగొన్న లోహముతో పోసిన నాణెములపై 'విగో' యనియు, 'లిమా' యనియు వ్రాసికొనిరి. దోపిడిని దాచలేదు, చాటుకొనిరి! దొంగ తన చేతితో వ్రాసియిచ్చిన దస్తావేజును సిగ్గుపడి చింపివేయువాడు వ్యాజ్యము నోడిపోవును.

మన సర్కారు జిల్లాలవారికి దగ్గఱి సాక్ష్యమును గలదు. బర్మింగుహాములో మాథ్యూ బౌల్టను ఆవిరియంత్రములతో నడపిన సోహో టంకశాల 1797లో ఇంగ్లండునకు ఒక ఔన్సు తూగు రాగి పెన్నీని పోసియిచ్చినది. లావుపాటి అంచుచేత దానికి బండిచక్ర మని పేరు వచ్చినది. ఆ టంకశాలనుండియే 1794లోను, 1797లోను ఉత్తర సర్కారులకని రాగి నాణెములు వచ్చినవి. 48 నాణెములకు ఒక రూపాయి యని వానిపై ఇంగ్లీషులో వ్రాసిరి. గుంటూరు సంతలో ఉల్లిపాయలమ్ము అవ్వ దానిని ఎట్లు చదువుకొనవలయునని తలచిరో తెలియదు. 1808లో మదరాసునకని అచ్చొత్తిన కాసులు 'అడ్మిరల్ గార్డ్‌నర్' అను ఓడ కెక్కి, 1809 జనవరిలో ఇంగ్లండు తీరముననే గుడ్విను ఇసుకదిబ్బలపై మునిగిపోయినవి. 1980 తరువాత వానిని పైకి తీసిరి. మన యవ్వల చేతికి రావలసిన కాసులు నేడు ఇంగ్లీషు సేకర్తల డబ్బాలలో మెఱయుచున్నవి. సేకర్తల ముచ్చటలో ఇట్టి చమత్కారములకు కొదువలేదు.

ఆ ముచ్చటయే ఈ వేడుకకు ప్రాణము. ఒంటరిగా కూర్చున్నవానికి 1912వ సంవత్సరపు పెన్నీ వట్టి పెన్నీ. తెలిసినవాడొకడు ప్రక్కన నుండి, 'సంవత్సరపు టంకెకు ఎడమవైపున చిన్న హెచ్ అను నక్షర మున్నదేమో చూడు' మనవలయును. ఉన్నచో అది లండనులో గాక బర్మింగుహాములోని హీటను కర్మాగారమున పోసినది. 1918, 1919 సంవత్సరములలో హెచ్ గాక కె ఎన్ అను గుర్తును దొరకవచ్చును. అది కింగ్స్ నార్టను వారిది. 1971 ఫిబ్రవరి 15వ తేదీన దశాంశ నాణెములు వచ్చువఱకు విక్టోరియా పెన్నీలు ఆ దేశపు అంగళ్లలో చెల్లుచునే యుండెను గనుక, బడిపిల్లలు చిల్లరలోనే వీనిని వెదకుచుండిరి. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, పెన్నీకి 4 ఫార్దింగులు - ఈ లెక్క నేటి పిల్లలకు చిక్కుముడి. 1957 ఏప్రిలునకు ముందు రూపాయికి 16 అణాలు, 192 పైసలు - అనగా దమ్మిడీలు - లెక్కించిన మన పెద్దలకు నోటిలెక్క. పెద్దలను ఈ గోష్ఠులకు పిలుచుటకు ఇంతకంటె మంచి సాకు లేదు.

గోష్ఠిలో వాదములును జరుగును. నాణెమును తోముట తగునా, తగదా యను వాదము ఎడతెగనిది. మా తీర్పు స్పష్టము: తగదు. చింతపండుతో రాగిచెంబును తోమినట్లు పెన్నీని తోమినవాడు నూఱేండ్ల వన్నెను ఒక నిమిషములో కడిగివేయుచున్నాడు. మెఱుపు కనబడును, వ్రాత అఱుగును.

తెలిసినవారి సాంగత్యము లేనిచోట ఏమగునో మన పోలీసు ఠాణాలకు తెలియును. ఈస్టిండియా కంపెనీ 1818లో ముద్రించిన దని, సీతారామలక్ష్మణ హనుమంతుల బొమ్మలు గలదని, బియ్యపుగింజలను తనవైపునకు లాగుకొను మహిమ గలదని, విదేశములవారు కోట్లిచ్చి కొందురని చెప్పి 'రైస్ పుల్లింగ్' పేర మన రెండు రాష్ట్రములలోను పొలములమ్మించిన మోసగాండ్రు గలరు. కంపెనీ టంకశాలనుండి అట్టి నాణెము వెడలనే లేదు. అది తరువాతివారు అచ్చొత్తిన బిళ్ల. ఇక పాత నాణెమును కొందుమని ఫోనుచేసి, ముందుగా రుసుము కట్టుమనువారు వేఱొక తెగ. తన పేరును వాడుకొని సాగుచున్న ఇట్టి వ్యవహారములతో తనకు సంబంధము లేదనియు, తాను ఏ రుసుమును అడుగననియు రిజర్వుబ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటింపవలసివచ్చినది. ఒక్క ఆదివారము సేకర్తల బల్లయొద్ద కూర్చున్నవాడు ఈ వలలో పడునా? నాణెము తూనిక, అంచు, అక్షరపు తీరు ఎఱిగినవానికి మహిమలు కనబడవు.

మఱియొక నష్టము ఠాణా కెక్కనిది. తెలుగువారి యిండ్లలో ఇంగ్లీషు షిల్లింగులు ఎట్లు వచ్చినవి? ఈ దేశమున అవి చెల్లలేదు, చెల్లినది రూపాయి. వానిలో కొన్ని నాతాలునుండి వచ్చినవి. 1860 మొదలు విశాఖపట్టణము, గంజాము ప్రాంతములనుండి గిరిమిటియాలుగా మదరాసులో ఓడలెక్కి చెఱకుతోటలకు పోయిన మనవారికి మొదటియేట నెలకూలి 10 షిల్లింగులు. ఏటేట ఒక్కొక్క షిల్లింగు హెచ్చు. గడువు తీరిన తరువాత స్వదేశమునకు మరలక, మరల ఒడంబడికయు వ్రాయక నిలిచినవానిపై 1895 చట్టముచేత ఏటికి 3 పౌనుల పన్ను వేసిరి. 3 పౌనులనగా 60 షిల్లింగులు. మొదటియేటి కూలిలెక్కన ఆఱునెలల చెమట. 1913లో గాంధీమహాత్ముడు సత్యాగ్రహము నడిపిన కారణములలో ఈ పన్ను ముఖ్యము. 1914లో అది రద్దయ్యెను. అటువంటి కూలివాని మూటలో విక్టోరియా షిల్లింగొకటి శ్రీకాకుళము పల్లెకు తిరిగివచ్చినదనుకొనుడు. అంగడిలో దాని వెల స్వల్పము, ఏలయన అట్టివి లక్షోపలక్షలు పోసిరి. ఆ కుటుంబమునకు అది తాతగారి మూడుదినముల బ్రదుకు. ఎవరిదో, ఎక్కడిదో వ్రాసి యుంచనిచో, వెండిధరకు కంసాలి మూసలో కరగిపోవును. 1919 వఱకు షిల్లింగులో వెయ్యింట 925 పాళ్లు వెండి. 1920 నుండి సగము. మనకు స్వాతంత్ర్యము వచ్చిన 1947వ యేటినుండి అసలే లేదు, యుద్ధకాలమున అమెరికానుండి ఎరువు దెచ్చిన వెండిని తీర్పవలసివచ్చుటచేత. కావుననే కూలివారు తెచ్చిన పాత షిల్లింగులపైననే మూస కన్ను పడుచున్నది.

ఇంగ్లండులో 1997 మొదలు పొలములలో దొరకిన ఒంటి నాణెమునుగూడ దొరకిన చోటుతో సహా వ్రాయించుకొను ఏర్పాటు గలదు. తెచ్చినవారు స్వేచ్ఛగా తెచ్చి చూపి, వ్రాయించి, తీసికొనిపోవుదురు. మనకు 1878 నాటి నిక్షేపముల చట్టము గలదు. 10 రూపాయలకు మించిన నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలయును. ఆ చట్టమును తలచుకొని భయపడువారే గాని, వ్రాయించువారు అరుదు. ఇంటి పెట్టెలోని షిల్లింగునకు ఆ భయమును అక్కఱలేదు.

మన గ్రంథాలయములవారిని మేము కోరునది స్వల్పము. పత్రికాపఠనమందిరమున నెలకొక ఆదివారము ఒక బల్లను, ఒక చిన్న త్రాసును, రెండు భూతద్దములను, ఒక దిట్టమైన పుస్తకమును సేకర్తల కప్పగింపుడు. అమ్మకములు అచ్చట సాగనీయవలదు. వెల మాట వచ్చినచో ముచ్చట చచ్చును. ఎవరింట ఏ ఇంగ్లీషు నాణెమున్నను తెచ్చి చూపవచ్చును. పుస్తకములో నాణెము పేరు, సంవత్సరము, తూనిక, దానిపై అక్షరములు వ్రాసి, ఆ క్రింద అది ఆ యింటికి ఎవరిచేత, ఏ రేవునుండి వచ్చినదో ఇంటివారి మాటలలోనే వ్రాయవలయును. నాతాలో, ఫిజియో, బస్రా యుద్ధభూమియో చెప్పగలవారు ఆ యింటి ముసలివారే. వారు మందిరమునకు రాలేనిచో పుస్తకమును పట్టుకొని సేకర్తలే వారి వాకిటికి పోవలయును.