జారే సీటు, కదలని బెల్టు

అమెరికాలో 2006లో మొదలైన '24 అవర్స్ ఆఫ్ లెమన్స్' ఔత్సాహిక కారు రేసుల్లో కారు ఖర్చుకు 500 డాలర్ల పరిమితి. భద్రతా సామగ్రిని మాత్రం ఆ లెక్కలోంచి మినహాయించారు. మంచి నియమమే. చిక్కల్లా ఒకే కారును పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ వంతులవారీగా నడపడంతోనే. అందుకే చాలామంది సీటు కింద ముందుకూ వెనక్కీ జరిగే పట్టాలు బిగిస్తారు.

మామూలు కారు పట్టాలు రేసు తాకిడికి చేసినవి కావు. ఒకవైపే లాక్ పడే రకమైతే ఢీకొన్నప్పుడు సీటు మెలితిరగవచ్చు. రేసు బెల్టులేమో కారు చట్రానికే కట్టి ఉంటాయి. లాక్ తెగి సీటు వెనక్కి జారిందా, భుజాల బెల్టు వదులైపోతుంది. ముందుకు దూసుకొస్తే సీటు బరువూ డ్రైవరు ఒంటిమీదే. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య (ఎఫ్ఐఏ) నిబంధనలు సీటు బిగింపుకు కనీసం నాలుగు చోట్ల 8 మి.మీ. బోల్టులు, 3 మి.మీ. మందం ఉక్కు బ్రాకెట్లు అడుగుతాయి. పట్టాలు వాడితే అవి కారుతోనో సీటుతోనో వచ్చినవే కావాలి. వర్క్‌షాపు మూలన దొరికిన యాంగిల్ ముక్కకు అక్కడ చోటు లేదు.

సీటును పొడుగు డ్రైవరుకు తగ్గట్టు స్థిరంగా బిగించి, పొట్టివాళ్లకు వీపు వెనక గట్టి ఫోమ్ అచ్చు పెట్టడం మేలు. డ్రైవరు మారేటప్పుడు కాస్త సమయం పోతుందంటారా, పోనివ్వండి. తనిఖీ అధికారులు హెల్మెట్ స్టిక్కరు చూసినంత శ్రద్ధగా సీటునూ పట్టుకుని ఊపి చూడాలి. కదిలితే ఆ కారును ట్రాక్ ఎక్కనివ్వకూడదు.