మంచం పక్కన మనిషి ఏ లెక్కలో?

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్ల మీద నడుస్తున్న రగడలో రెండే గొంతులు వినిపిస్తున్నాయి. దొంగ సర్టిఫికెట్లు ఏరేస్తున్నామని ఒకరు, నిజమైన వాళ్ళ నోట్లో మట్టి కొడుతున్నారని మరొకరు. 2025 జనవరిలో డాక్టర్ల బృందాలు ఇళ్ళకు వచ్చినప్పుడూ ఇదే గొడవ, ఆగస్టులో నోటీసులు అందినప్పుడూ ఇదే గొడవ. ఇంత మాట్లాడుకున్నా, మంచం పక్కన కూర్చున్న మనిషి ప్రస్తావన మాత్రం నా చెవిన పడలేదు. నా చిరాకంతా అక్కడే.

సూటిగా చెబుతాను. పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకు నెలనెలా ఇచ్చే పదిహేను వేల పింఛను రోగిది. ఆ రోగిని చూసుకోవడానికి సొంత కూలి వదులుకున్న మనిషి శ్రమకు వేరే భత్యం రావాలి. ఇదేమీ కొత్త కోరిక కాదు. 2016 డిసెంబరులో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 24వ సెక్షన్ తీసి చదవండి. ప్రభుత్వాలు పెట్టాల్సిన పథకాల్లో దివ్యాంగుల పింఛను ఒక అంశం. ఎక్కువ సాయం అవసరమైన వాళ్ళకు సంరక్షకుల భత్యం వేరే అంశం. ఒకటి ఇస్తే రెండోది ఇచ్చేసినట్టేనని ఎక్కడా లేదు. సంరక్షకులంటే ఎవరో రెండో సెక్షన్ చెబుతోంది: తల్లిదండ్రులైనా, ఇంట్లో వాళ్ళైనా, జీతం తీసుకున్నా తీసుకోకున్నా, దివ్యాంగులకు సేవ చేసేవారు ఎవరైనా సరే. జీతం తీసుకున్నా, తీసుకోకున్నా. ఈ మాటలు చదివినవాళ్ళు ఎవరూ ఇంటి ఇల్లాలు చేసే సేవ లెక్కలోకి రాదని అనలేరు.

రాజోలు వైపు ఒక ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటాయన కొబ్బరి దింపు కార్మికుడు. వాన పడి పాచిపట్టిన చెట్టు ఎక్కి జారిపడ్డాడు, నడుము విరిగింది. ఇప్పుడు నడుము కింద స్పర్శ లేదు. ఆయన పడకముందు భార్య తెల్లవారుజామున రొయ్యల షెడ్డుకు తలలు తీయడానికి వెళ్ళేది, ఊడ్పుల రోజుల్లో చేలోకి దిగేది. ఇప్పుడు ఆ రెండూ లేవు. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకు తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి. మూత్రం పైపుకున్న సంచి నిండకుండా చూసుకోవాలి. నా కళ్ళముందే ఒక మోకాలు మంచం పట్టెకు ఆనించి, ఆయన భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి పెట్టి ఒక్క ఊపులో తిప్పింది. ఆయన బరువు ఆవిడ కంటే ఎక్కువే. వీపు వెనక తలగడ దోపి, పక్క దుప్పటిలో ముడత మిగిలిందేమోనని అరచేత్తో తడిమి చూసింది. ఆ ముడతే పుండవుతుందట. సెల్‌ఫోన్‌లో పదకొండింటికి, ఒంటిగంటకు, మూడింటికి అలారాలు పెట్టుకుంది. మీకంటూ ఏమైనా సాయం అడిగారా అంటే, తన నడుము తనే నొక్కుకుంటూ, "నాకేమైందండీ, బాగానే ఉన్నాను కదండీ, నాకెందుకిస్తారండీ" అంది.

తనకొక హక్కుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఎక్కువ సాయం కావాలని దివ్యాంగులు గానీ, వాళ్ళ తరఫున మరొకరు గానీ దరఖాస్తు పెట్టుకోవచ్చని అదే చట్టం 38వ సెక్షన్ అంటోంది. దాన్ని మదింపు బోర్డు పరిశీలించాలి. వైకల్య ధ్రువపత్రానికి సదరం స్లాట్ కోసం తిరిగిన వాళ్ళు కోనసీమలో వీధికొకరు కనిపిస్తారు. ఈ దరఖాస్తు పేరు విన్నవాళ్ళు మాత్రం నాకింతవరకూ తారసపడలేదు.

పదిహేను వేలు ఇస్తున్నాం కదా, చూసుకునే ఖర్చు అందులోనే ఉంది కదా అనే వాళ్ళకు ఒక మాట. ఆ డబ్బు డైపర్లకు, మందులకు, అమలాపురం ఆసుపత్రికి వెళ్ళొచ్చే ఆటోకు, కాకినాడ పెద్దాసుపత్రిలో ఉన్న రోజుల్లో చేసిన అప్పుకు సరిపోతుందో లేదో ఒక్క నెల లెక్క రాసి చూడండి. మిగిలిన దాంతో పగటికో మనిషిని, రాత్రికో మనిషిని జీతానికి పెట్టండి. పెట్టలేరు. పెట్టలేని ఆ రెండు జీతాలనూ ఆవిడ ఒంటితో కడుతోంది.

మన రాష్ట్రానికి ఇవ్వాల్సిన మెప్పు ఇస్తాను. ఇతరులకు ఇచ్చేదానికంటే దివ్యాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని 24వ సెక్షనే చెప్పింది. 2024 జూలై నుంచి వృద్ధులకు 4,000 ఇస్తూ దివ్యాంగులకు 6,000 ఇస్తున్నారు, అంటే 50 శాతం ఎక్కువ. చాలా మంచి పని. అయితే అదే సెక్షన్‌లో ఇంకాస్త కింద ఉన్న సంరక్షకుల భత్యం దగ్గరకు వచ్చేసరికి చూపు ఎందుకు ఆగిపోయింది? సెక్షన్‌లో సగం చదివి పుస్తకం మూసేస్తే ఎలా?

'ఆర్థిక సామర్థ్యం మేరకు' అన్న మాట కూడా చట్టంలో ఉంది, కాదనను. ఆ భత్యం దివ్యాంగుడి పేరిటే రావచ్చు, అదీ ఒప్పుకుంటాను. ఎవరి ఖాతాలో పడినా అది చూసుకునే మనిషి శ్రమకు కట్టే డబ్బని కాగితం మీద ఉండాలి. సామర్థ్యం సంగతంటారా, కేరళ 2010లోనే, అంటే ఈ చట్టం రాకముందే, ఆశ్వాసకిరణం పేరుతో మంచాన పడ్డవాళ్ళను చూసుకునే వారికి నెలనెలా సాయం మొదలుపెట్టింది. ఇప్పుడది 600 రూపాయలు. చాలా తక్కువ, పైగా బకాయిలు పడుతున్నాయని అక్కడి వాళ్ళు గోల పెడుతున్నారు. అయినా అక్కడ చూసుకునే మనిషికి ఒక దరఖాస్తు ఫారముంది, బకాయి పడితే నిలదీసే హక్కుంది. ఇక్కడ బకాయి పడటానికైనా పథకమంటూ ఉండాలి కదా. ఇంకొకటి. దివ్యాంగులైన కుటుంబ సభ్యుల పోషణకు ఆదాయపు పన్ను చట్టంలో 80డీడీ కింద, పాత విధానంలో, 75,000, వైకల్యం 80 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే 1,25,000 ఆదాయంలో మినహాయింపు ఇచ్చారు. ఇంట్లో మనిషిని సాకడం ఖర్చేనని ప్రభుత్వానికి తెలుసన్న మాట. పన్ను కట్టేంత సంపాదన ఉన్న ఇంట్లోనే అది ఖర్చుగా కనబడుతోంది.

అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది బంధాల వాదన. మొగుణ్ణి చూసుకోవడానికి పెళ్ళానికి జీతమా, అత్తను చూసుకోవడానికి కోడలికి కూలా అంటారు. ఈ మాట కోనసీమలో కూర్చుని ఎలా అనగలుగుతున్నారు? మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు ఏ ఊరికైనా వెళ్ళండి. కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపని వీసా మీద వెళ్ళిన ఆడవాళ్ళు కనబడతారు. అక్కడ కొందరు చేస్తున్నది ఇదే పని. ముసలివాళ్ళకు స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క బట్టలు మార్చడం. అక్కడి కష్టాలు చిన్నవేం కావు. కానీ కువైట్ 2016లో ఇంటిపని వాళ్ళకు నెలకు 60 దినార్ల కనీస వేతనం ఖరారు చేసింది. ఇవాళ్టి మారకంలో పదహారు వేలకు పైమాటే. మన పార్లమెంటు సంరక్షకుల భత్యం రాసిందీ అదే 2016లో. మన ఆడమనిషి పరాయి దేశంలో పరాయి ముసలాయన్ని తిప్పి పడుకోబెడితే అది పని, రాజోల్లో సొంత మొగుణ్ణి తిప్పి పడుకోబెడితే అది ధర్మం. ధర్మమే, ఎవరు కాదన్నారు? ధర్మం చేసే మనిషికి ఆకలి వెయ్యదా?

బ్రిటన్ కూడా ఒకప్పుడు ఇదే వాదన చేసింది. రోగుల్ని చూసుకునే వారికి 1976లో భత్యం పెట్టి, పెళ్ళయిన ఆడవాళ్ళకు వర్తించదంది. వాళ్ళు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కదా అన్నది అక్కడి తర్కం. తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసిన జాక్వెలిన్ డ్రేక్ కోర్టుకెక్కింది. 1986లో ఐరోపా న్యాయస్థానం ఆమె పక్షాన నిలిచింది. నలభై ఏళ్ళ కింద అక్కడ ఓడిపోయిన వాదనను ఇక్కడ మన సంస్కృతి అని చెప్పుకుని తిరుగుతున్నాం.

రాజోలు ఇల్లాలి సంగతికి వస్తాను. ఆయన బతికున్నంత కాలం, రాత్రికి మూడు అలారాలతో ఆయన్ని బతికించుకున్నంత కాలం, ప్రభుత్వ పుస్తకాల్లో ఆవిడ పేరున ఒక్క రూపాయి లేదు. ఆయన కన్నుమూస్తే మాత్రం వితంతువుగా దరఖాస్తు చేసుకోవచ్చు, నెలకు 4,000. అంటే ఆవిడ ఈ ప్రభుత్వానికి కనబడాలంటే ఆయన పోవాలి. ఇలాంటి లెక్కను ఎవరో కూర్చుని కావాలని వేశారని నేననను. కానీ 2016 నుంచి చట్టంలో ఆ అక్షరాలు కళ్ళెదుట ఉండగా ఈ లెక్క ఇలాగే కొనసాగడానికి మాత్రం అధికారంలో ఉన్న ప్రతివారూ బాధ్యులే, అప్పటి వాళ్ళూ ఇప్పటి వాళ్ళూ.

మంచం మీది మనిషి కాలు కదులుతోందా లేదా చూడటానికి డాక్టర్లను గుమ్మం దాకా పంపగలిగారు. కాలవగట్ల మీద, కొబ్బరితోటల మధ్య ఇళ్ళు వెతుక్కుంటూ వాళ్ళు రాగలిగారు. మళ్ళీ తనిఖీకి పంపేటప్పుడు ఆ ఫారంలో ఇంకొక గడి వేయించండి: ఈయన్ని చూసుకుంటున్నదెవరు, అందుకోసం ఏ పని మానేశారు? ఆ గడి నింపాక జిల్లాలో అలాంటి వాళ్ళెందరో తేలుతుంది, ఎంత డబ్బు కావాలో తేలుతుంది. మా దగ్గర లేదని అప్పుడు చెప్పండి, ఆవిడ ఎదురుగా నిలబడి.