బొమ్మల చదువు పనివాళ్ల వేళకు రావాలి

తెల్లవారకముందే వాకిట్లో చుక్కలు పెట్టి, ఎక్కడా గీత తెగకుండా మెలికల ముగ్గు వేసే ఇల్లాలిని “బొమ్మ గీస్తావా అమ్మా?” అని అడిగితే “మాకెక్కడ వస్తుంది బాబూ!” అంటుంది. తలుపు చెక్కకు పూలతీగ చెక్కే వడ్రంగిదీ అదే మాట. జాకెట్లకు మగ్గం పని చేసే అమ్మాయిదీ అదే మాట. చేతిలో ఇంత పనితనం ఉండి కూడా కాగితం మీద గీయడం మన విద్య కాదనుకోవడం శోచనీయం.

ఇది కేవలం సరదా కోసం చెబుతున్న మాట కాదు. తలుపు ఎలా ఉండబోతోందో ముందే గీసి చూపగల వడ్రంగికి, ఇంటి యజమానికి మధ్య తర్వాత పేచీ రాదు. సొంతంగా పువ్వు గీయగల అమ్మాయి ఎవరో గీసిన డిజైన్లు కొనుక్కోవలసిన పని లేదు.

సెల్‌ఫోన్లు వచ్చాక బొమ్మలు నేర్పే ఆన్‌లైన్ కోర్సులు పల్లెలకూ అందుతున్నాయి. ఇది హర్షణీయమే. కాని చేరిన పెద్దవాళ్లు మధ్యలో మానేస్తున్నారు. ఈ విలేకరి అనుభవమూ అదే. మూడు నెలల రుసుము ఒకేసారి కట్టించుకున్నారు. పాఠం రోజూ సాయంత్రం ఆరు గంటలకు. అది పాలు పితికి కేంద్రంలో పోసే వేళ. తప్పిన పాఠం రెండు రోజులే ఉంచి తీసేసేవారు. నాట్ల పని వచ్చి పది రోజులు ఆగితే, మళ్లీ చూసేసరికి పాఠం మనిషి ముఖం దాకా వెళ్లిపోయింది. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. అలా మానేసినవాడు “నాకు చేతకాదు” అన్న నమ్మకంతో మిగిలిపోతాడు. తప్పు మనిషిది కాదు, కోర్సు కట్టిన తీరుది.

పనివాళ్లకు వీలైన వేళ బొమ్మలు నేర్పడం కొత్తేమీ కాదు. 1854లో లండన్‌లో వర్కింగ్ మెన్స్ కాలేజీ పెట్టినప్పుడు, జాన్ రస్కిన్ అనే పెద్ద పండితుడు పగలంతా పని చేసి వచ్చిన కార్మికులకు సాయంత్రం పూట బొమ్మలు గీయడం నేర్పాడు. వడ్రంగిని చిత్రకారుణ్ణి చేయడం తన ఉద్దేశం కాదని, అతను వడ్రంగిగానే మరింత సంతోషంగా ఉండాలన్నదే తన ప్రయత్నమని ఆయన చెప్పాడు. మన దగ్గర 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది. ఇప్పటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దేశంలో ఇటువంటిది అదే మొదటిది. ఉద్యోగాలు, పనులు చేసుకునేవారి వద్దకే చదువు రావాలన్న ఆ సూత్రం బొమ్మలకూ వర్తించాలి.

అందుకు కోర్సు ఎలా ఉండాలి?

మొదటిది వేళ. ఒక్కో పాఠం పది, పదిహేను నిమిషాలకు మించరాదు. ఒక పాఠంలో ఒక్క సంగతే చెప్పాలి. సిగ్నల్ ఉన్నచోట ఫోన్లోకి దించుకుని తర్వాత చూసుకునే వీలుండాలి. చాలా ఇళ్లలో ఫోన్ పగలంతా మగవారి జేబులోనో పిల్లల చేతిలోనో ఉంటుంది. కాబట్టి పాఠంతోపాటు అచ్చు పుస్తకం కూడా ఇవ్వాలి. గడువు పెట్టరాదు. నాట్లు, కోతలు, పెళ్లిళ్ల రోజుల్లో ఆగినవారు తిరిగి చేరేందుకు, పాతది గుర్తుచేసే చిన్న పాఠం ఒకటి ఉండాలి.

రెండవది వరుస. మొదటి రోజే దేవుడి బొమ్మ, సినిమా తార ముఖం పెడితే బెదిరిపోతారు. ఇంట్లో ఉన్న చెంబుతో మొదలుపెట్టాలి. చెంబు మూతి గుండ్రమని అందరికీ తెలుసు. కాని కాస్త దూరంగా పీట మీద పెట్టి చూస్తే అది అణిగిన గుండ్రంగా కనిపిస్తుంది. కంటి ఎత్తుకు తెస్తే ఒక్క గీతే. తెలిసింది కాదు, కనిపించింది గీయాలన్న మొదటి సూత్రం ఆ చెంబే నేర్పుతుంది. తర్వాత వెలుగునీడలు. ఆ పైన చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో కొలతలు తీయడం. ముఖం చివరన రావాలి. కొత్తవాళ్లు కళ్లను బాగా పైకి పెడతారు. నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. ఈ ఒక్క మాట చెబితే సగం ముఖాలు బాగుపడతాయి.

మూడవది సామాను. రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, పిల్లల పాత నోటు పుస్తకాల్లో మిగిలిన కాగితాలు చాలు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతోనే గుడ్డ మీద తొలి గీతలు గీస్తారు. ఖరీదైన రంగులు కొంటేగాని కుదరదనడం తగదు.

నాలుగవది దిద్దడం. ఇది లేకపోతే మిగిలినవన్నీ వృథా. గీసినది ఫోటో తీసి పంపితే, గురువు తన గొంతుతో తెలుగులో ఒక మంచి, ఒక సవరణ చెప్పాలి. నలుగురిలో పెట్టి పోల్చరాదు. ఆడవారి ఫోటోలు, నంబర్లు బయటకు పోకుండా చూడాలి. నెలకు ఒక ఆదివారం మండల కేంద్రంలోని హైస్కూల్లోనో గ్రంథాలయంలోనో అందరూ ముఖాముఖి కలిస్తే మరీ మంచిది.

రుసుము కూడా నేర్చుకున్నంత మేరకే తీసుకోవాలి. మొదటి వారం ఉచితంగా చూపించాలి. సర్టిఫికెట్ కావలసినవారికి ప్రభుత్వ డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలున్నాయి. అటు వెళ్లే దారి చూపితే చాలు, అందరినీ ఆ బండికి కట్టనవసరం లేదు.

సార్వత్రిక విశ్వవిద్యాలయం, రెండు రాష్ట్రాల ఓపెన్ స్కూల్ సొసైటీలు ఈ పనికి పూనుకోవాలి. పల్లెల్లో ఉన్న రిటైరైన డ్రాయింగ్ మాస్టర్లను దిద్దే పనికి పిలవాలి. చదువరులు కూడా డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగాలి. తప్పిన పాఠం మళ్లీ దొరుకుతుందా? గీసింది ఎవరు చూస్తారు? మానుకుంటే డబ్బు ఏమవుతుంది? జవాబు సూటిగా రాకపోతే చేరవద్దు.

అంతవరకు ఖాళీగా ఉండనక్కరలేదు. ఈ రాత్రి అన్నాలయ్యాక చెంబు ఎదురుగా పెట్టుకుని పది నిమిషాలు గీయండి. వంకర పోయినా ఫర్వాలేదు. తొలినాడు వేసిన ముగ్గూ వంకరే కదా!