నాలుగు స్వరముల నేరము

పాటను వినుటకంటె లెక్కించుట సులభము. మన కాలపు వాగ్గేయకారులైన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి రచనలకు జరిగిన విమర్శను తలచినప్పుడెల్ల మాకీమాట తోచును. గోదావరీసీమయందలి శంకరగుప్తమున 1930లో జన్మించి, 2016లో చెన్నపట్టణమున కీర్తిశేషులైన ఆ విద్వాంసుని గానమును మెచ్చనివారరుదు. కాని ఆయన రచనలయొద్దకు వచ్చునప్పటికి విమర్శకులలో పెక్కురు చెవులు మూసికొని వ్రేళ్లు మడిచిరి.

మహతికి షడ్జము, అంతరగాంధారము, పంచమము, కైశికినిషాదము అను నాలుగే స్వరములు. లవంగికిని నాలుగే. సర్వశ్రీకి మూడే. ఇవి రాగములెట్లగునని కొందఱు, ఇవి ఆయన కల్పించినవే కావని కొందఱు కలహించిరి. 1980 దశాబ్దమున వీణావిద్వాంసులు ఎస్. బాలచందర్‌గారు ఈ వాదమును బహిరంగముగా నడపిరి.

ఈ యాక్షేపణ కాధారమే లేదని మేమనము. నాలుగు, అంతకు తక్కువ స్వరములు గలది మార్గము కాదని మతంగముని బృహద్దేశియందు చెప్పియే యున్నాడు. కాని యంతటితో నాగక, అట్టి పాట శబరులు, పులిందులు, కిరాతులు, ఆంధ్రులు మొదలగువారియందు కలదనియు చెప్పినాడు. మార్గము కాదనుట వేఱు, సంగీతము కాదనుట వేఱు. జనుల చిత్తమును రంజింపజేయునదే రాగమని లక్షణము చెప్పినదియు నా మునియే గదా! శాస్త్రమున సగము చదివి తీర్పు చెప్పుట పాండిత్యమా?

వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో 72 మేళములకు చోటు చూపెను. నాడు వాడుకలో నున్నవి 19 మాత్రమే. మిగిలిన గదులను ఆయన ఎవరికై కట్టెను? రాబోవువారికి కాదా? త్యాగయ్యగారు అపూర్వరాగములలో కృతులు చేసినప్పుడు లేని దోషము, ఆ శిష్యపరంపరలోని పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారి శిష్యునకు మాత్ర మెట్లంటెను?

ఇక ఎవరు మొదట కల్పించిరను తగవు. అది చరిత్రకారునకు ముఖ్యమే. కాని స్వరముల వరుసను కాగితముపై నెవడైనను వ్రాయగలడు. దానికి ప్రాణము పోసి పాటగా నిలుపుటయే రచన. 1975 నాటి అపూర్వ రాగంగళ్ అను తమిళచిత్రమున ఎం. ఎస్. విశ్వనాథన్‌గారు మహతిని వాడుకొనిరి. పరులకు పనికివచ్చిన రాగమును పుట్టలేదనుట యెట్లు?

అడుగదగిన ప్రశ్నలు లేకపోలేదు. నాలుగు స్వరములలో ఆలాపన యెంతదూరము సాగును? 1952లో అచ్చైన 72 మేళకృతులలో పాటలెన్ని, అభ్యాసములెన్ని? సాహిత్యము స్వరమునకు తోడుగా నడచినదా, వెనుకబడినదా? వీని నడిగినవారు కొలదిమంది.

అభిమానులైనను మేలా? ఆక్షేపించినవానికి వారు 1978 నాటి సంగీతకళానిధిని, 1991 నాటి పద్మవిభూషణమును చూపుదురు. బిరుదు పాటకు జామీను కాదు. ఒక మిత్రుని యింట ఈ రెండు పక్షములవారును గంటసేపు వాదించుట మేము వింటిమి. తుదకు, "అయ్యా, మీలో నెవరైన మహతిలోని మహనీయ మధురమూర్తే పల్లవిని పాడుడు" అని వేడితిమి. ఇరువురును మౌనము వహించిరి. నిజము చెప్పవలెనన్న, మాకును రాదు. సిగ్గుపడి యింటికి వచ్చి ఆ కృతిని పెట్టుకొని వింటిమి. నాలుగవమాఱునకు వంటయింటినుండి మా యమ్మాయి పల్లవి నందుకొనెను. స్వరములెన్నియని అది యడుగలేదు.

చదువరులారా! కదనకుతూహలమున ఆయన చేసిన తిల్లానాను నర్తకులును గాయకులును నిలుపుకొనిరి. తక్కినవాని గతి యేమి? మీ పిల్లలకు సంగీతము చెప్పించునప్పుడు ఆయన కృతి యొక్కటియైనను నేర్పింపుడు. ఇంట నెలదినములు మ్రోగనిండు. పిమ్మట రుచింపదేని త్రోసివేయుడు, మాకభ్యంతరము లేదు. వినక త్రోసివేయుటయు, వినక మ్రొక్కుటయు మాత్ర మొక్కటే నేరము. ఆ నేరము నాలుగు స్వరములది కాదు, మనది.