ఎరువేస్తే చచ్చిపోయే మొక్క

ఈగల్ని, దోమల్ని పట్టి తినేస్తుందని చెప్పి వీనస్ ఫ్లైట్రాప్ మొక్కను ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఫొటోలో దాని ఆకు నోరు తెరుచుకుని ఎర్రగా నిగనిగలాడుతుంటుంది. పార్సిల్ విప్పినవాళ్లు ముచ్చటపడి పెద్ద కుండీలోకి మారుస్తారు. రెండు గుప్పిళ్లు వర్మికంపోస్టు వేస్తారు, పూటపూటా కుళాయి నీళ్లు పోస్తారు. ఆకులు నల్లబడితే నీళ్లు చాలలేదేమోనని ఇంకో చెంబెడు కుమ్మరిస్తారు. కొద్ది వారాల్లో కుండీ ఖాళీ. అమ్మినవాణ్ని తిట్టుకుంటారే తప్ప, తాము పెట్టిన తిండే దాన్ని చంపిందని అనుకోరు.

నెపంథిస్, డ్రోసిరా, యుట్రిక్యులేరియా. బళ్లో కీటకాహార మొక్కల పాఠంలో ఈ పేర్లు బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. అవి పురుగుల్ని ఎందుకు తింటాయన్నది మాత్రం పరీక్షతోనే మర్చిపోయారు. ఎప్పుడూ నీరు నిలిచే, పుల్లబారిన బురద నేలల్లో నత్రజని వేర్లకు సరిగా దొరకదు. ఆ లోటు తీర్చుకోవడానికే ఆకులు వేట నేర్చాయి. పిండి పదార్థం వరకు అవీ అన్ని మొక్కల్లాగే ఎండతోనే చేసుకుంటాయి. అలా పస్తులకు అలవాటుపడ్డ వేరు దగ్గర ఎరువు వేస్తే అది మాడిపోతుంది.

నీళ్ల సంగతీ అంతే. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. వేరే దిక్కు లేని చోట 2,000 దాకా సరిపెట్టుకోమంటుంది. ఈ మొక్కలు పెంచేవాళ్లు 50 దాటనివ్వరు. ఇంటిల్లిపాదీ తాగే బోరు నీళ్లే వాటికి విషం.

ఫ్లైట్రాప్‌కు ఇంకో చిక్కుంది. ప్రపంచం మొత్తమ్మీద అది సహజంగా పెరిగేది అమెరికాలోని రెండు కెరొలైనా రాష్ట్రాల్లోనే, అదీ విల్మింగ్టన్ పట్టణం చుట్టుపక్కల నేలల్లో. అక్కడ చలికాలం మూడు నాలుగు నెలలు అది నిద్రపోతుంది. హైదరాబాద్ డిసెంబరు చలి ఆ నిద్రకు చాలదు, విజయవాడ సంగతి చెప్పక్కర్లేదు. కొందరు పట్టుదలగా దుంపను ఫ్రిజ్‌లో, కూరగాయల పక్కన నిద్రపుచ్చుతారు. అంత ఓపిక ఉన్నవాళ్లకు దండం పెట్టాల్సిందే.

పోనీ దోమలైనా తగ్గుతాయా అంటే, అదీ లేదు. సొంత నేలలో దానికి ఎక్కువగా చిక్కేవి చీమలు, సాలీళ్లు. ఎగిరే పురుగుల వాటా చాలా తక్కువ. పైగా ఆకు మీది నూగు ఇరవై సెకన్ల లోపు రెండుసార్లు కదిలితేనే బోను మూసుకుంటుంది. పిల్లలు సరదాకి పుల్లతో పొడిచిన ప్రతిసారీ దాని శక్తి వృథా అవుతుంది, ఆకు త్వరగా వడిలిపోతుంది. పుట్టిన చోటా దానికి సుఖం లేదు. అడవుల్లోంచి ఈ మొక్కల దొంగతనాలు ఎంత పెరిగాయంటే, 2014 డిసెంబరు నుంచి నార్త్ కెరొలైనా ఆ దొంగతనాన్ని తీవ్ర నేరంగా చూస్తోంది. దోమలకు దోమతెర చాలు. మన ఊళ్లకు ఫ్లైట్రాప్ వద్దు.

మరి ఏది పెంచాలి? మన దగ్గరే ఉన్న డ్రోసిరా. వానలు వెనకబట్టే రోజుల్లో తూర్పు కనుమల్లో ఊటనీరు జారే ఇసుక నేలల్లో డ్రోసిరా బర్మానీ, డ్రోసిరా ఇండికా మొలుస్తాయి. బర్మానీ మొక్క మొత్తం రూపాయి బిళ్లంత, నేలకు అతుక్కుని ఎర్రటి చిన్న చక్రంలా ఉంటుంది. ప్రతి ఆకు అంచునా సన్నటి వెంట్రుకలు, వాటి కొసన జిగురు చుక్కలు. పొద్దుటి ఎండ పడితే మంచు బిందువులే అనిపిస్తుంది. ఒక చీమ ఆ తడి తాగుదామని అడుగు పెడుతుంది, కాలు అంటుకుంటుంది, గింజుకుంటుంది. కొన్ని సెకన్లలోనే అంచు వెంట్రుకలు లోపలికి వంగి దాన్ని ఆకు మధ్యకు నెడతాయి. ఇంగ్లండులో దీని చుట్టాన్ని చూసి విస్తుపోయిన డార్విన్ పాలు, మాంసం, గుడ్డు తెల్లసొన పెట్టి ఏళ్ల తరబడి పరీక్షించి, 1875లో కీటకాహార మొక్కల మీద పుస్తకమే రాశాడు. ఇంట్లో మాత్రం ఆ ప్రయోగాలు వద్దు. కోడికూర ముక్క పెడితే ఆకు కుళ్లి బూజు పడుతుంది.

దీనికి ఫ్రిజ్ అక్కర్లేదు. ఏడాదిలో పూసి, గింజ రాల్చి పోతుంది, ఆ గింజే మళ్లీ మొలుస్తుంది. బాగా కడిగిన ఇసుక, కొబ్బరిపొట్టు చాలు. పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి కడిగి పిండిన నీళ్లలో, కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు ముంచి చూసుకోవాలి. కుండీ కింద పళ్లెంలో వేలి గణుపు లోతు నీళ్లు ఎప్పుడూ ఉంచి, ఎండలో పెట్టాలి. అంతకు మించి ఏమీ చేయకూడదు. మొక్కలంటే ప్రాణమిచ్చే మనవాళ్లకు కష్టమైంది ఇదే.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అడవిలో కనబడిందని పెకలించి తేకూడదు. మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క కూజా మొక్క నెపంథిస్ ఖాసియానా. మేఘాలయ గారోలు దయ్యం బుట్ట అని పిలిచే ఆ మొక్క కోసం బాఘ్మారాలో ప్రత్యేక అభయారణ్యమే పెట్టాల్సి వచ్చింది. డ్రోసిరాకు ఆ గతి పట్టకూడదంటే నర్సరీలు గింజ నుంచి పెంచి అమ్మాలి. ఏ మొక్కనైనా నిలబెట్టగల కడియం నర్సరీ రైతులకు ఇదో లెక్క కాదు. కుండీకి ఒక చీటీ మాత్రం కట్టాలి: ఎరువు వద్దు, కుళాయి నీళ్లు వద్దు అని. నీళ్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. వానాకాలంలో చూరు నీళ్లు, వేసవిలో ఏసీ పైపు కింద పెట్టిన బకెట్ సరిపోతాయి.